ఖాళీ బుట్టల్లో రెక్కల పురుగులు

మా ఆవిడ తరఫు బంధువుల్లో నా ఉద్యోగం ఏమిటో ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా తెలియదు. ఎలమంచిలిలో పెళ్ళికో పేరంటానికో వెళ్తే, బంతిలో కూర్చోబెట్టి "మా అల్లుడు, ఫారెస్టులో పెద్ద ఆఫీసరు" అని పక్కవాళ్ళకు పరిచయం చేస్తారు. వాళ్ళు వెంటనే "పులుల్ని సూసినారా బాబూ?" అంటారు. లేదండీ, పురుగుల్ని చూస్తాను అంటే వాళ్ళ ముఖంలో ఉత్సాహం చప్పున చల్లారిపోతుంది. మొదట్లో ఓపిగ్గా వివరించేవాణ్ణి. ఇప్పుడు ఓపిక లేదు. పులుల్ని చూశాననే చెప్పేస్తున్నాను.

అడవి చెట్లకు పట్టే పురుగుల మీద పరిశోధన నా పని. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, చేసేదల్లా ఎండలో నడవడం, వంగి చూడటం, లెక్కపెట్టుకోవడం, ఇంటికొచ్చి నడుముకు కాపడం పెట్టుకోవడం. అందులోనూ నా సర్వీసులో ఎక్కువ భాగం ఒక్క పురుగుకే ఖర్చయిపోయింది. సరుగుడు ఆకు తినే బొంతపురుగు అది. మా విశాఖ దాటాక ఎలమంచిలి వైపు సముద్రం పక్కన ఇసుక నేలల్లో సరుగుడు తోటలు ఉంటాయి. ఈ పురుగు విజృంభించిన ఏడాది తోటకు తోట మోడువారిపోతుంది. దాని నూగు తగిలితే కూలీలకు ఒళ్ళంతా దద్దుర్లు. రైతు భయపడి మందు కొడతాడు. చాలాసార్లు కొట్టనక్కర్లేనప్పుడు కొడతాడు, కొట్టాల్సిన సమయానికి ఓపికా ఉండదు, మందూ ఉండదు.

ఈ పురుగుకు పెద్దయ్యాక రెక్కలొస్తాయి. ఆడదానికి ఒళ్ళు బరువు, ఎగరలేదు. చెట్టు మాను మీద కూర్చుని పొట్ట చివర నుంచి ఒక వాసన వదులుతుంది. మగది ఎంత దూరాన ఉన్నా ఈకల్లాంటి తన మీసాలతో ఆ వాసన పసిగట్టి, గాలికి ఎదురొచ్చి వాలుతుంది. మనిషి ముక్కుకు మాత్రం ఆ వాసన తెలియదు. జీవితమంతా దాని వెంట తిరిగాను, ఒక్కసారి కూడా అది ఎలా ఉంటుందో ఎరుగను.

ఆ వాసనను ప్రయోగశాలలో తయారుచేసి, చిన్న రబ్బరు బిరడాకు పట్టించి, లోపల జిగురు పూసిన అట్ట పెట్టిన బుట్టలో వేలాడదీస్తాం. మగ పురుగులు ఆడది ఉందనుకుని వచ్చి జిగురుకు అంటుకుపోతాయి. వీటిని లింగాకర్షక బుట్టలంటారు. ఆ మాట పదిమందిలో అనడానికి మొహమాటపడే రైతులు "మీ బుట్టలు" అంటారు. బుట్టలో పడే పురుగుల్ని బట్టి ఆ తోటకు మందు కొట్టాలో వద్దో, కొడితే ఎప్పుడు కొట్టాలో చెప్పొచ్చు. అయితే ముందు ఆ బుట్టను నమ్మొచ్చని మేం రుజువు చేయాలి.

వాసన ఏమిటో కనుక్కోవడానికే నా నడివయసు గడిచిపోయింది. ఆడ పురుగుల పొట్ట చివరలు కోసి ద్రావకంలో నానబెట్టేవాళ్ళం. బతికున్న మగ పురుగు మీసం కత్తిరించి, రెండు కొసలకూ సన్నటి తీగలు తగిలించి, ఒక్కో వాసనా ఊదుతూ తెర మీద గీత కదులుతుందేమోనని చూసేవాళ్ళం. కోసిన మీసం కాసేపే బతుకుతుంది. ఆ కాసేపట్లో కరెంటు పోయిందా, ఇంకో పురుగును వెతుక్కోవాల్సిందే. ఆ రోజుల్లో మాలో ఎవరూ గ్లౌజులు వేసుకునేవారు కాదు. విశాఖ ఉక్కపోతలో గ్లౌజు తొడిగితే చెయ్యి నాని, పట్టు జారి, మీసం కాస్తా నలిగిపోయేది. బిరడాలకు వాసన పట్టించేటప్పుడూ ఉత్త చేతులే. ఒలికింది చొక్కాకు తుడుచుకుని, మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని పెరుగన్నం కలుపుకునేవాళ్ళం. విషం కాదు కదా, వాసనైనా లేదు కదా అనుకునేవాళ్ళం.

నేను చెప్పబోయేది మొన్న మొన్నటి సంగతి. రిటైర్మెంటుకు ముందు నాకు మిగిలిన ఆఖరి సీజను. ఎలమంచిలి దగ్గర ఒక రైతు తోటలో ప్రయోగం పెట్టాం. సగం బుట్టల్లో వాసన పట్టించిన బిరడాలు, సగం బుట్టల్లో ఏమీ పట్టించని ఉత్త బిరడాలు. చూడటానికి రెండూ ఒకటే. రెండో రకాన్ని మేం ఖాళీ బుట్టలంటాం. అవి చివరిదాకా ఖాళీగా ఉండాలి. అవి ఖాళీగా ఉంటేనే, మిగతావాటిలో పడిన పురుగులు మా వాసన కోసమే వచ్చాయని నలుగురూ ఒప్పుకుంటారు. అవే తప్పుడు సాక్ష్యం చెబితే ఇన్నేళ్ళ కేసూ కొట్టేస్తారు.

ఈ సీజను సవ్యంగా సాగితే బుట్టను రైతులకు ఇవ్వమని సిఫారసు చేయొచ్చు. సాగకపోతే ఫైలు అటకెక్కుతుంది. నాతో ఒక జూనియర్ శాస్త్రవేత్త పనిచేస్తోంది. శ్రీకాకుళం వైపు అమ్మాయి, మాట తక్కువ, పని గట్టిది. నా తరవాత ఈ పురుగు ఆమెదే. ఫలితం నేనున్నా లేకపోయినా ఆమె తెస్తుందని నాకు తెలుసు. కానీ ఇన్నేళ్ళు తిరిగాక, ఆ చివరి లెక్క తోటలో నిలబడి నా చేత్తో నేనే తీయాలని ఆశ. బుట్ట దించడం, అట్ట బయటికి లాగడం, ఎన్ని పడ్డాయో చూడటం. అంతకు మించి ఉద్యోగం నుంచి నేనేమీ కోరుకోలేదు.

మొదటి తనిఖీకి వెళ్ళాం. వాసన బుట్టల్లో పురుగులు బాగా పడ్డాయి. సంతోషంగా ఖాళీ బుట్ట దగ్గరికి వచ్చి అట్ట లాగాను. అందులోనూ పురుగులు. పక్కదాంట్లోనూ ఉన్నాయి. మా జూనియర్ అమ్మాయి తెచ్చిన అట్టలో లేవు. ఆ తరవాతి దాంట్లో మళ్ళీ ఉన్నాయి.

బిరడాలు తారుమారయ్యాయన్నాను. జిగురు అమ్మినవాణ్ణి తిట్టుకున్నాను. సముద్రపు గాలి ఒక బుట్ట వాసనను ఇంకో బుట్ట దాకా మోస్తోందన్నాను. చివరికి తోట రైతును కూడా వదల్లేదు. మేం లేనప్పుడు బుట్టలు అటూ ఇటూ మార్చాడేమోనని అడిగాను. ఆయన నొచ్చుకున్నాడు.

"నానెందుకు ముడతాను బాబూ? నా పనులు నాకు సాలవేటి?" అన్నాడు. తరవాత ఆయనకు కావలసింది అడిగాడు. "ఇంతకీ మందు కొట్టీమంటారా, వద్దంటారా? పక్క తోటోలు కొట్టీసినారు."

కాస్త ఆగమన్నాను. ఎందుకు ఆగమంటున్నానో నాకే రూఢిగా తెలియదు.

బుట్టలు మార్చాం, బిరడాలు మార్చాం, బుట్టకూ బుట్టకూ మధ్య దూరం పెంచాం. పొద్దున్నే మధురవాడలోని మా ఇంటి నుంచి బయల్దేరితే ఐటీ పిల్లల బైకులు, పోర్టు నుంచి వచ్చే కంటైనర్ లారీలు, గాజువాక దుమ్ము అన్నీ దాటుకుని ఎలమంచిలి చేరేసరికి నా ఓపిక సగం రోడ్డుకే అయిపోయేది. మిగిలిన సగం ఆ ఖాళీ బుట్టలు పీల్చేసేవి. ఎన్ని మార్చినా వాటిలో పురుగులు పడుతూనే ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది. పురుగుల మీద నాకు ఎప్పుడూ కోపం రాలేదు, ఆ సీజన్లో వచ్చింది.

ఒక ఆదివారం, స్టీల్‌ప్లాంటులో పనిచేస్తూ ఉక్కునగరం క్వార్టర్లలో ఉండే మా బావమరిది భోజనానికి రమ్మన్నాడు. మా నాన్న కూడా కృష్ణా జిల్లా నుంచి ఉక్కు ఉద్యోగానికి వచ్చినవాడే. కాలేజీ రోజుల్లో నేనున్నది ఆ క్వార్టర్లలోనే కాబట్టి అక్కడికి వెళ్తే నాకు ప్రాణం కుదుటపడుతుంది. చేపల పులుసు తిని, సాయంత్రం వరండాలో కూర్చున్నాం. మా ఆవిడ, తమ్ముడు ఎలమంచిలి కబుర్లు చెప్పుకుంటున్నారు. నేను కళ్ళు మూసుకుని ఖాళీ బుట్టల గురించే ఆలోచిస్తున్నాను.

"బావా, నీ కాలరట్టుకుని వదల్దేటిది?" అన్నాడు మా బావమరిది.

చూస్తే రెక్కల పురుగు. వాడు న్యూస్ పేపర్ మడిచి కొట్టబోయాడు. వద్దన్నాను. నా పురుగే. మగది. రెక్కలు టపటపా కొట్టుకుంటూ, పొట్ట చివర వంచి, కాలరు అంచు వెంట అటూ ఇటూ గాభరాగా నడుస్తోంది. ఎక్కడో ఇక్కడే ఉండాలి ఆడది అన్నట్టు వెతుకుతోంది. ఆ నడక నాకు కొత్త కాదు. ఎర దగ్గర తప్ప ఇంకెక్కడా అది అలా నడవదు.

"నీ మీద మనసు పడ్డాది బావా. మా అక్కకి సవితొచ్చీసింది," అని వాడు పగలబడి నవ్వాడు.

"ఇంటికాడ కూడా ఇదే గోల్రా తమ్ముడూ," అంది మా ఆవిడ. "బాల్కనీలో అందరి బట్టలూ ఆరేత్తాను. అయ్యన్నీ ఒగ్గీసి ఈయన సొక్కాలే ఏరుకుని మరీ వాలతాయి. దులపలేక సత్తన్నాను."

"ఎప్పట్నించి?" అన్నాను.

"ఏటేటా ఈ రోజుల్లోనే. నాను సెప్తే మీరు యినుకున్నారేటి? ఊఁ, ఊఁ అంటారు, పేపర్లో మొకం ఎట్టుకుంటారు."

వాళ్ళిద్దరూ నవ్వుతూనే ఉన్నారు. నాకు నవ్వు రాలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు ఇన్ని వారాలూ జిగురునూ గాలినీ రైతునూ అనుమానించాను. పురుగును మెల్లగా వేలి మీదికి ఎక్కించుకుని వరండా గోడ మీద వదిలాను. అది తిరిగి నా కాలరు మీదికే వచ్చింది.

సోమవారం ఆఫీసుకు వెళ్ళేసరికి మా జూనియర్ అమ్మాయి తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"సార్, ఒకటి చెప్పొచ్చా? మీరేమీ అనుకోకూడదు," అంది. తరవాత నా వైపు కాకుండా గోడ వైపు చూస్తూ చెప్పింది. "మీరు కట్టిన ఖాళీ బుట్టల్లోనే పడుతున్నాయి సార్. నేను కట్టినవాటిలో ఒక్కటీ లేదు."

ఆదివారమే నాకు తెలిసిన విషయం. అయినా ఎదుటి మనిషి నోటి వెంట వింటే కోపం ఆగలేదు. "అయితే నేనే ఎరనంటావా?" అని గట్టిగా అరిచాను. పక్క గదిలో టైపు చేస్తున్న చప్పుడు ఆగిపోయింది.

"అలా అనలేదు సార్," అంది. కానీ వెళ్ళిపోలేదు. అక్కడే నిలబడింది. కాసేపటికి నేనే కూర్చోమన్నాను.

తరవాతి వారమంతా నన్ను నేను తోముకోవడంతో సరిపోయింది. మా ఆవిడ శనగపిండి, పసుపు, కుంకుడురసం, నిమ్మచెక్క, అన్నీ వరసగా ప్రయోగించింది. బావమరిది ఫోన్లో కిరసనాయిలు సిఫారసు చేశాడు. "మా కోక్ ఓవెన్ డ్యూటీ దిగినాక ఎంత తోమినా దిండుకి బొగ్గు కంపు కొడతాదంట బావా, మీ సెల్లెలు రోజూ సెప్తాది," అని ఓదార్చాడు. నేను ప్రయోగశాలలో స్పిరిట్‌తో మోచేతుల దాకా కడుక్కున్నాను. చర్మం ఊడొచ్చింది. వాచీ తీసేశాను, బెల్టు తీసేశాను, కొత్త బట్టలు, కొత్త చెప్పులు కొన్నాను. ఈ పురుగు వాసనకు ఒక గుణం ఉంది. బట్టలోకీ చర్మంలోకీ దిగిందంటే ఏళ్ళ తరబడి మెల్లమెల్లగా బయటికి వస్తూనే ఉంటుంది. ఎరలో అదే మాకు కావలసిన గుణం. ఒక్క బిరడా సీజనంతా పనిచేయాలని మేమే కోరుకున్నాం.

అన్నీ కొత్తవి తొడుక్కుని తోటకు వెళ్ళాను. తోట అంచున ప్లాస్టిక్ కుర్చీ వేయించి, నన్ను కూర్చోబెట్టి, మా అమ్మాయీ రైతూ దూరంగా వెళ్ళి నిలబడ్డారు. పొద్దు వాలే వేళ. గాలి సరుగుడు కొమ్మల్లో సన్నగా ఈల వేస్తోంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఏవీ రాకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. నేను దేవుణ్ణి పెద్దగా పట్టించుకునేవాణ్ణి కాదు.

ఒకటి వచ్చి ముంజేతి మీద వాలింది. తరవాత మెడ మీద ఇంకొకటి. ఆ తరవాత లెక్క చూసుకోలేదు. వేళ్ళ సందుల్లో, గోళ్ళ పక్కన, చెవి వెనక, అన్నిచోట్లా అదే గాభరా నడక. అవి లేని ఆడదాని కోసం నా ఒళ్ళంతా వెతుకుతున్నాయి. వాటికి పాపం నా అరచేతుల్లో ఏమీ దొరకదు.

"ఓలమ్మో, బాబుకి పట్టీసినాయి!" అని రైతు అక్కడి నుంచే కేకేశాడు.

నేను నవ్వి చెయ్యి ఊపాను. లోపల ఏడుపొచ్చింది. ఎన్ని వేల చెట్లు తిరిగానో, ఏ చెట్టు దగ్గర ఎంతసేపు నిలబడ్డానో గుర్తొచ్చింది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినవాడు పిల్లిని వదిలేసి పెళ్ళికి వెళ్ళొచ్చు. నేనేం వదలను?

జీపు దగ్గరికి వచ్చాక మా అమ్మాయి మొదలుపెట్టింది. "సార్, ఇంకా సీజను ఉంది. మొత్తం తీసేసి మొదటి నుంచి పెడితే సరిపోతుంది. కాకపోతే మీరు..." అని ఆగిపోయింది.

"నేను రాను," అన్నాను.

పెద్దమనసుతో అన్న మాట కాదు. విసురుగా అన్నాను. ఇంటికి వెళ్ళి మా ఆవిడ మీద విసుక్కున్నాను, అన్నం వద్దన్నాను. ఆవిడ కంచం తీయకుండా ఎదురుగా కూర్చుంది. "పురుగుల్ని పట్టడానికెల్లి పురుగులకే దొరికిపోనారు. మరేటి సేత్తాం, తినండి," అంది. తిన్నాను.

ఆ రోజు నుంచి కొత్త పద్ధతి. బుట్టలూ బిరడాలూ ఉన్న గదిలోకి నేను వెళ్ళకూడదు. తోటకు వెళ్ళే జీపు నేను ఎక్కకూడదు, సీటుకు అంటుతుంది. ఆమె ప్రతి బుట్టకూ కొత్త గ్లౌజులు మారుస్తుంది. ఈ నియమాలన్నీ రాసిచ్చింది నేనే. ఆమె అడగడానికి మొహమాటపడుతుంటే నేనే రాసి బల్ల మీద పెట్టాను. ఆ కాగితం కూడా ఆమె గ్లౌజుతోనే తీసుకుంది, నేను చూడలేదనుకుంది. ఆఫీసులో కిటికీ పక్కన కూర్చుని పాత లెక్కలు సరిచూస్తూ, వాళ్ళు ఇప్పుడు ఏ వరసలో ఉండి ఉంటారా అని ఊహించుకునేవాణ్ణి. జీవితంలో మొదటిసారి ఎండ తగలని ఉద్యోగం చేశాను. ఆఫీసులో అందరూ సుఖంగా ఉన్నావన్నారు.

చివరి తనిఖీ రోజు మాత్రం ఆగలేకపోయాను. బస్సులో ఎలమంచిలి వెళ్ళి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకుని, తోటకు బాగా ఇవతల రోడ్డు మీదున్న టీ బడ్డీ దగ్గర దిగాను. ముందు గాలి చూసుకున్నాను. సముద్రం మీది నుంచి తోట దాటుకుని నా వైపు వీస్తోంది. నా వాసన వాళ్ళ దాకా పోదు. అప్పుడు బల్ల మీద కూర్చుని టీ చెప్పాను. దూరంగా సరుగుడు చెట్ల మధ్య మా అమ్మాయీ రైతూ కదలడం అప్పుడప్పుడు కనిపిస్తోంది. ఒక చెట్టు దగ్గర వంగుతున్నారు, మళ్ళీ నడుస్తున్నారు. ఎంతకీ తెమలడం లేదు. టీ చల్లారిపోయింది. తాగలేదు. ఇంకొకటి చెప్పి అదీ తాగలేదు.

చివరికి వాళ్ళు ఇసుకలో నడుచుకుంటూ రోడ్డెక్కారు. నన్ను అక్కడ చూసి మా అమ్మాయి ఆశ్చర్యపోయింది. తరవాత దాదాపు పరిగెత్తుకొచ్చింది.

"ఖాళీ సార్! ఖాళీ బుట్టలన్నీ ఖాళీ! అన్ని అట్టలూ రెండేసి సార్లు చూశాను. వాసన బుట్టల్లోనే ఉన్నాయి, అవి కూడా మందు కొట్టేటన్ని లేవు."

"అయితే నాను మందు కొట్టక్కర్లేదేటి?" అన్నాడు వెనకే వచ్చిన రైతు.

"అక్కర్లేదు," అన్నాను నేను. ఆ మాట రైతుకు గట్టిగా, బుట్టను నమ్మి చెప్పడం నాకు అదే మొదలు. 

మా అమ్మాయి ఇంక ఉండబట్టలేకపోయింది. గ్లౌజులు లాగి పారేసి, కళ్ళనిండా నీళ్ళతో నవ్వుతూ నాకు చెయ్యి చాపింది. నా చెయ్యి దానంతటదే లేచింది. సగం దూరం వెళ్ళాక గుర్తొచ్చింది. వెనక్కి తీసుకుని వీపు వెనక పెట్టుకున్నాను.

ఆమెకు క్షణం సేపు అర్థం కాలేదు. ముఖం చిన్నబోయింది.

"వద్దమ్మా," అన్నాను. "నువ్వింకా చాలా ఏళ్ళు తోటలోకి వెళ్ళాలి."

చాపిన చెయ్యి మెల్లగా దించుకుంది. బల్లకు అవతలే నిలబడి రెండు చేతులూ జోడించింది. నేనూ జోడించాను. కాసేపటికి వాళ్ళ జీపు వచ్చింది. అది వెళ్ళిపోయాక నేను రోడ్డు దాటి బస్సు కోసం నిలబడ్డాను.